మూడో నంబరు జెర్సీ అంచు

దేశపు రగ్బీ జట్టు ఎలా ఆడిందో తెలుసుకోవడానికి మా పెద్దమ్మ పేపరు తెరవదు. మ్యాచ్ అయ్యాక మాసిన జెర్సీలు వేసి పంపిన బుట్ట తెరుస్తుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ జట్టు బట్టలు కుట్టేది, బాగుచేసేది, ఉతికేది ఆవిడే. ఒక్కో జెర్సీనీ బల్ల మీద పరిచి, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, "వీడు ఇవాళ కుడి భుజం దాచుకుని ఆడాడు" అంటుంది. "వీడు అసలు కిందే పడలేదు. గంటన్నరసేపు ఎక్కడ షికారు చేశాడో మరి" అంటుంది. మట్టి ఎక్కడ అంటింది, పచ్చిక మరక ఏ మోచేతి మీదుంది, ఏ కుట్టు సాగింది అన్నవి చాలు ఆవిడకి.

ముందు చూడటం, తర్వాత చిరుగు కుట్టడం, ఆ తర్వాతే ఉతకడం. ఎవరు తొందరపెట్టినా ఈ వరస మారదు. "తడిస్తే బట్ట ముడుచుకుపోతుందిరా. అప్పుడు ఎక్కడ చిరిగిందో నాకెలా కనబడుతుంది? ఆగు."

ఈ పద్ధతి ఆవిడ పెళ్లికాక ముందు టార్పాలిన్ షెడ్డులో నేర్చుకుంది. లారీల మీద కప్పే టార్పాలిన్లు అక్కడ కుట్టేవాళ్లు. సూది అరచేతికి దిగకుండా చేతికి తోలుముక్క కట్టుకుని, దారానికి మైనం రాసి, రోజంతా నేల మీద కూర్చుని కుట్టాలి. ఒకసారి స్టేడియం వాళ్ల గుడారం గాలికి చిరిగితే అతుకు వేయడానికి వెళ్లింది. జట్టు మేనేజరు ఆ అతుకు చూసి, తన దగ్గరున్న జెర్సీ ఒకటి చేతికిచ్చి, ఇది కూడా కుట్టగలవా అని అడిగాడట. తర్వాతి మ్యాచ్‌లో ఆ జెర్సీ మూడు చోట్ల చిరిగింది కానీ, పెద్దమ్మ కుట్టిన చోట మాత్రం చెక్కు చెదరలేదు. వారం తిరక్కుండా ఉద్యోగంలో చేరమని కబురొచ్చింది.

ఆవిడ గది ప్రేక్షకులు కూర్చునే మెట్ల కిందే ఉంటుంది. అందుకే కప్పు ఒకవైపు ఎత్తుగా మొదలై, రెండోవైపు వంగి వంగి నడుము దాకా దిగుతుంది. ఎత్తున్న వైపు రెండు కుట్టుమిషన్లు, కత్తిరించే బల్ల. వంగిన వైపు ఉతికే యంత్రాలు మూడు. తడి మట్టి వాసన, నొప్పుల నూనె వాసన, సబ్బు వాసన కలగలిసి గోడలకి పట్టేశాయి. జట్టులో అందరూ ఆవిణ్ని "అత్తా" అంటారు. ఆవిడ వాళ్లని ఒరేయ్ తప్ప ఇంకోటి అనదు, వాళ్ల బొమ్మలు బస్సుల మీద అంటించినా సరే.

ఆ సిరీస్‌లో మొత్తం మూడు మ్యాచ్‌లు. వచ్చిన జట్టు మామూలుది కాదు. మొదటి మ్యాచ్‌లో మనవాళ్లు చిత్తుగా ఓడారు. బంతి పట్టుకుని పరుగెత్తిన ప్రతివాణ్నీ వాళ్లు వెనక నుంచి జెర్సీ పట్టుకుని గుంజి పడేశారు. మ్యాచ్ అయిన సాయంత్రం కోచ్ పెద్దమ్మ గదికి వచ్చాడు. మనిషి పొట్టి, గొంతు మెత్తన. ఏం చెప్పినా ముందు జేబులోంచి పెన్సిల్ తీసి గాల్లో గీత గీస్తాడు.

"అమ్మా, మనవాళ్ల జెర్సీలు వదులుగా ఉన్నాయి. అందుకే దొరికిపోతున్నారు. వేలు దూరేంత సందు కూడా ఉండకూడదు. బిగించగలరా?"

"ఎన్ని?"

"ఇరవై మూడు. వచ్చే శనివారానికల్లా."

పెద్దమ్మకి ఇలాంటి పని ఇస్తే పండగే. ఒక్కొక్కణ్నీ స్టూలెక్కించి, చాక్‌తో గీతలు పెట్టి, పక్క కుట్లు లోపలికి వేసి, కింది అంచుని రెండు మడతలు మడిచి లోపల ఎలాస్టిక్ పెట్టి ఒంటికి అతుక్కునేలా కుట్టింది. చేత్తో తడిమితే కుట్టు ఎక్కడుందో తెలియనంత చదునుగా వచ్చింది. ఆరు రోజుల్లో ఇరవై మూడూ పూర్తి చేసింది.

మూడో నంబరు ఆటగాణ్ని స్టూలెక్కించినప్పుడు స్టూలు కిర్రుమంది. వాడికి అందరూ పెట్టిన పేరు బండ. మెడ ఎక్కడ ముగిసి భుజం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. ముప్పై మూడేళ్లు. పదకొండేళ్లుగా ఆ నంబరు వాడిదే.

"అత్తా, దీన్లో ఊపిరి పీల్చాలంటే రిఫరీని అడగాలా?"

"భోజనానికి కూర్చునే ముందు నన్నడుగు. ఊపిరి సంగతి అదే సర్దుకుంటుంది."

రెండో మ్యాచ్‌లో ఒక్కడి జెర్సీ కూడా ఎవరి చేతికీ చిక్కలేదు. కోచ్ లెక్క నిజమైంది. కానీ ఇంకోచోట కొంప మునిగింది.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. రగ్బీలో స్క్రమ్ అని ఒకటుంది. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది తలలు వంచి, భుజాలు కలిపి, మధ్యలో వేసిన బంతి కోసం ఒకళ్లనొకళ్లు నెట్టుకుంటారు. ముందు వరుసలో కుడి చివర మూడో నంబరు నిలబడతాడు. అందరికంటే ఎక్కువ బరువు పడేది వాడి మీదే. వాడి వెనక రెండో వరుసలో ఇంకొకడు ఉంటాడు. ఆ వెనకవాడు ముందువాడి కాళ్ల సందులోంచి చెయ్యి పోనిచ్చి, పొట్ట దగ్గర పిడికిలి బిగిస్తాడు. ఆ పట్టు ఉన్నంతసేపూ ఇద్దరూ ఒకటే ఒళ్లు. పట్టు జారిందా, ముందువాడు ఒంటరి.

రెండో మ్యాచ్‌లో మన స్క్రమ్ ఐదుసార్లు కుప్పకూలింది. ఐదుసార్లూ కుడివైపే, బండ దగ్గరే. బండే కావాలని పడుతున్నాడని రిఫరీ మూడు పెనాల్టీలిచ్చాడు. మూడింటినీ వాళ్లు గోల్ స్తంభాల మధ్యకి కొట్టి తొమ్మిది పాయింట్లు తీసుకున్నారు. మనవాళ్లు ఓడింది కూడా సరిగ్గా తొమ్మిది పాయింట్లతోనే. మూడింట్లో రెండు పోయాయి కాబట్టి సిరీస్ పోయినట్టే. మిగిలింది ఒక్క మ్యాచ్. అదీ పోతే సొంతగడ్డ మీద మూడుకి మూడూ ఓడిన మొదటి జట్టుగా మిగిలిపోతారు.

ఆదివారం పొద్దున పెద్దమ్మ బుట్ట తెరిచింది. మూడో నంబరు జెర్సీ బల్ల మీద పరిచాక ఆవిడ మొహం వెలిగిపోయింది. భుజాల నిండా మట్టి, ఛాతీ మీద పచ్చిక. కానీ కింది అంచు? ఒక్క పోగు లేవలేదు, ఒక్క కుట్టు సాగలేదు. పొట్ట దగ్గర అడ్డంగా నాలుగు సన్నటి గీతలు మాత్రం ఉన్నాయి. ఏ బూటు మేకో గీసుకుని ఉంటుందనుకుంది. ఐదుసార్లు మనుషుల కింద నలిగిన జెర్సీ, అంచు చూస్తే కొత్తది! మిగతావాళ్ల జెర్సీలన్నీ కుట్టి ఉతికి ఆరేసింది కానీ, దీన్ని మాత్రం అలాగే మురికితో మడిచి అలమరలో పెట్టింది. కోచ్ వచ్చినప్పుడు చూపిద్దామని, నిజం చెప్పాలంటే కాస్త గొప్ప చెప్పుకుందామని.

కోచ్ రాలేదు. ఆయన పరిస్థితి ఏం బాగోలేదు. పేపర్లన్నీ ఒకే మాట పట్టుకున్నాయి: బండని తీసెయ్యండి. టీకొట్టు దగ్గర కూడా అదే మాట. ఎంపిక కమిటీలో తెల్లమీసాల పెద్దాయన ఒకడున్నాడు, ఒకప్పుడు తనూ ఆడినవాడే. ఆయన రెండో శ్రేణి లీగ్ నుంచి ఒక కుర్రాణ్ని తేవాలని పట్టుబట్టాడు. గురువారం సాయంత్రం ఆరింటికి జట్టు పేర్లు బోర్డు మీద పెడతారు. ఈ వయసులో ఒకసారి పేరు పోయిందంటే మళ్లీ రాదని బండకి తెలుసు.

మంగళవారం మధ్యాహ్నం బండ పెద్దమ్మ గదికి వచ్చాడు. చంకలో పాత జెర్సీ ఒకటుంది. వాడు మొట్టమొదటిసారి దేశానికి ఆడినప్పటిది.

"దీన్ని మా పాపకి సరిపోయేలా చిన్నది చేసిపెడతావా అత్తా? ఆరేళ్లు దానికి."

"నీ జెర్సీని చిన్నది చేస్తే పాపకి గౌను వస్తుంది, మీ ఇంటికి కర్టెన్లు వస్తాయి, ఇంకా బట్ట మిగులుతుంది." నవ్విస్తే నవ్వలేదు వాడు. అది చూసి ఆవిడ మిషను ఆపింది. "ఏమైందిరా?"

"ఏముంది. గురువారంతో అయిపోతుంది. గుర్తుగా ఉంటుందని."

"ఇంకా పేర్లే రాలేదు కదా."

"వస్తాయిలే." వాడు స్టూలు మీద కూర్చున్నాడు. స్టూలు మళ్లీ కిర్రుమంది. "నీకు చెప్తున్నా అత్తా, ఎక్కడా అనకు. నెట్టేటప్పుడు నా వెనక ఎవడూ లేనట్టుంది. అవతలి ఎనిమిది మంది బరువూ నా ఒక్కడి మీదే దిగుతోంది."

"కోచ్‌కి చెప్పొచ్చు కదా!"

"చెప్తే ఏమవుతుంది? నా తప్పు నిచ్చెనగాడి మీదకి నెట్టానంటారు. వాడికిది మొదటి సిరీస్. పాపం, ఇప్పుడిప్పుడే వచ్చాడు."

నిచ్చెన అంటే రెండో వరుసలో బండ వెనక నిలబడేవాడు. ఇరవై ఏళ్లు. జట్టులో అందరికంటే పొడుగు. పెద్దమ్మ గదికి ఎన్నిసార్లు వచ్చాడో అన్నిసార్లు వంగిన కప్పుకి తల కొట్టుకున్నాడు.

బుధవారం ఉదయం కూడా ముందు ఠప్పుమని చప్పుడైంది. "అమ్మా!" అని అరుపు వినబడింది. ఆ తర్వాత నిచ్చెన లోపలికొచ్చాడు.

"కప్పు బాగానే ఉందా?" అంది పెద్దమ్మ తలెత్తకుండా.

"నేను బాగానే ఉన్నాను అత్తా, అడిగినందుకు థాంక్స్." వాడు తన నిక్కరు బల్ల మీద పెట్టాడు. జేబు దగ్గర కుట్టు ఊడింది. పెడుతున్నప్పుడు కుడిచెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లాక్కున్న తీరు ఆవిడకి నచ్చలేదు.

"ఏదీ, చెయ్యి చూపించు."

"ఏం లేదులే అత్తా."

"చూపించమన్నానా!"

చూపించాడు. నాలుగు వేళ్ల గోళ్లూ నల్లగా కమిలి, చివర్లు విరిగి ఉన్నాయి. చూపుడువేలి గోరు సగం లేచిపోయింది.

"ఎవడు తొక్కాడు?"

"ఎవడూ తొక్కలేదు." నేల చూస్తూ నిలబడ్డాడు. "పట్టు జారిపోతోంది అత్తా. బండన్న జెర్సీ పట్టుకుందామని చెయ్యి పెడతాను. అందదు. గోళ్లతో గీరుతాను, అయినా అందదు. నా చేతిలో బలం లేదు. ఈ మాట పైకంటే నన్ను ఇంటికి పంపించేస్తారు. అనకపోతే అన్నని పంపించేస్తున్నారు. నాకు రెండు రోజులుగా అన్నం సయించట్లేదు."

పెద్దమ్మ లేచి అలమర తెరిచింది. ఉతక్కుండా దాచిన మూడో నంబరు జెర్సీ తీసి బల్ల మీద పరిచింది. వాడి చెయ్యి పట్టుకుని పొట్ట దగ్గరున్న నాలుగు గీతల మీద నాలుగు వేళ్లూ పెట్టించింది. దువ్వెన పళ్లు జుట్టులో దిగినట్టు సరిగ్గా కుదిరాయి.

వాడికి ఏమీ అర్థం కాలేదు. ఆవిడకి అంతా అర్థమైంది. వేలు దూరేంత సందు ఉండకూడదన్నాడు కోచ్. అలాగే కుట్టింది తను. పరుగెత్తేవాళ్లకి అది మేలు చేసింది. కానీ స్క్రమ్‌లో ముందువాడి జెర్సీ మీద చెయ్యి వేసేది శత్రువు ఒక్కడే కాదు. సొంతవాడికి కూడా పట్టుకోవడానికి ఏమీ మిగలకుండా కుట్టేసింది ఆవిడ.

"మరి ఎడమవైపు బాగానే ఉంది కదా? ఒకటో నంబరు వెనకవాడికి పట్టెలా దొరికింది?"

"వాడికి జెర్సీ పట్టే అలవాటు లేదు అత్తా. నిక్కరు నడుంపట్టీ పట్టుకుంటాడు. నాకు మా పాత కోచ్ జెర్సీ పట్టడమే నేర్పాడు."

పెద్దమ్మ స్టూలు మీద కూలబడింది. ఆవిడ కుట్టుకి ఇరవై ఆరేళ్లలో ఎవరూ వంక పెట్టలేదు. మొన్న ఆదివారం ఈ అంచు చూసే కదా మురిసిపోయింది! నలగలేదని సంబరపడింది కానీ, నలగాల్సిన చోట ఎందుకు నలగలేదని ఒక్కసారైనా అనుకోలేదు. ముందు చూస్తాను, ముందు చూస్తాను అని అందరికీ చెప్పే తను, చూసి కూడా చూడలేదు.

ఎవరికీ తెలియకుండా ఆ అంచు విప్పి వదులు చేసేయడం ఆవిడకి అరగంట పని. స్క్రమ్ బాగుపడేది, తన పరువూ దక్కేది. కానీ అప్పటికి ఆ జెర్సీలో ఉండేది బండ కాదు, రెండో శ్రేణి కుర్రాడు. స్క్రమ్‌ని కూల్చింది బండే అన్న మాట మాత్రం అలాగే ఉండిపోతుంది.

"ఒరేయ్, నీ చేతిలో బలానికేం ఢోకా లేదు" అంది నిచ్చెనతో. "వెళ్లి అన్నం తిను. వెళ్లేటప్పుడు తల జాగ్రత్త."

ఠప్పుమంది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి కమిటీ కూర్చుంది. ఆ గది పెద్దమ్మ గదికి సరిగ్గా పైన, నలభై మెట్ల ఎత్తులో ఉంటుంది. ఇరవై ఆరేళ్లలో ఆవిడ అక్కడికి ఎక్కింది ఒక్కసారే, కర్టెన్ల కొలతలకి. ఇప్పుడు జెర్సీని పాత పేపర్లో చుట్టుకుని ఎక్కింది. తలుపు తట్టి, రమ్మనకముందే లోపలికి వెళ్లింది. ఆగితే మళ్లీ కిందికి దిగిపోతానేమోనని భయమేసిందట. ఆ మాట తర్వాత నాతో చెప్పింది.

పొడుగాటి బల్ల. గోడకి తెల్లబోర్డు, దాని మీద అయస్కాంతం బిళ్లలు, ఒక్కో బిళ్ల మీద ఒక్కో నంబరు. మూడో నంబరు బిళ్ల అప్పటికే పక్కకి జరిపి ఉంది. కోచ్, తెల్లమీసాల పెద్దాయన, ల్యాప్‌టాప్ ముందు వీడియోలు చూసే ఇంకొకాయన ఉన్నారు. పెద్దమ్మ పేపరు విప్పి జెర్సీని బల్ల మీద, టీకప్పుల మధ్యలో పరిచింది. ఐదు రోజుల మట్టీ చెమటా. వీడియో ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఏమ్మా, ఇది ఉతకలేదా?" అన్నాడు పెద్దాయన ముక్కు మూసుకుని.

"ఉతికితే నేను చెప్పే మాటకి సాక్ష్యం ఉండదండీ. స్క్రమ్ పడిపోయింది బండ వల్ల కాదు. నా వల్ల."

ఆవిడ అంచు చూపించింది, గీతలు చూపించింది, నిచ్చెన గోళ్ల సంగతి చెప్పింది. తను ఎలా మడిచి కుట్టిందో, పట్టు ఎందుకు అందలేదో చెప్పింది. చెప్పడం అయ్యేదాకా ఒక చెయ్యి బల్ల అంచుని పట్టుకునే ఉంది.

పెద్దాయన మీసాలు సవరించుకున్నాడు. "బాగుంది. రెండు మ్యాచ్‌లు ఓడాక ఇప్పుడు దర్జీ వచ్చి మనకి పాఠం చెబుతోంది. వీడియోలో ఇదంతా ఎందుకు కనబడలేదయ్యా?"

"కెమెరా పైన ఉంటుంది సార్" అన్నాడు వీడియో ఆయన. "కాళ్ల సందులో ఏం జరుగుతుందో కనబడదు."

"నాకూ కనబడదండీ" అంది పెద్దమ్మ. "అందుకే బట్ట చూస్తాను."

కోచ్ జెర్సీ మీదకి వంగి అంచుని వేళ్లతో పట్టుకుందామని చూశాడు. జారింది. రెండోసారి గట్టిగా చూశాడు. మళ్లీ జారింది. నిటారుగా నిలబడి జేబులోంచి పెన్సిల్ తీశాడు కానీ గాల్లో గీత గీయలేదు.

"బిగించమన్నది నేనమ్మా. పరుగెత్తేవాళ్లని చూసి అందరికీ ఒకే కొలత చెప్పాను. ఇది మీ తప్పు కాదు, నాది."

"కుట్టింది నేను. నాకు కొలతలు తెలుసు, మీకు తెలియవు. అడగాల్సింది నేనే."

"ఇద్దరూ తప్పు పంచుకోవడం అయ్యాక" అన్నాడు పెద్దాయన, "ఇది నిజమో కాదో ఎలా తేలుతుందో చెప్పండి. ఆరింటికి పేర్లు పెట్టాలి."

"ప్రాక్టీసు గ్రౌండ్‌కి పదండి సార్" అన్నాడు కోచ్.

ప్రాక్టీసు గ్రౌండ్‌లో ఇనప బండి ఒకటుంటుంది. ముందు మెత్తలు కట్టి, పైన బరువులు పెట్టిన బండి. మనుషులు దాన్ని నెట్టి స్క్రమ్ సాధన చేస్తారు. ఎనిమిది మందినీ పిలిపించాడు కోచ్. మొదట బిగుతు జెర్సీలతోనే నెట్టమన్నాడు. ఈల ఊదగానే బండి గడ్డి మీద కాస్త కదిలి, కుడివైపు తిరిగి ఆగిపోయింది. పెద్దమ్మ మెడలోని టేపు తీసి గడ్డి మీద చాళ్లు కొలిచింది.

"పంతొమ్మిది అంగుళాలు."

తర్వాత బండని పక్కకి పిలిచి జెర్సీ విప్పమంది. గట్టు మీద కూర్చుని, కుట్లు విప్పే కొక్కెంతో అంచు సాంతం విప్పి, ఎలాస్టిక్ లాగి పారేసి, బట్ట వదిలింది. దాని లోపల తన సంచిలోంచి తీసిన మందపాటి గుడ్డపట్టీ ఒకటి వేసి, మైనం రాసిన దారంతో చేత్తో కుట్టింది. టార్పాలిన్ కుట్టు. అరగంట పట్టింది. పెద్దాయన మూడుసార్లు గడియారం చూసుకున్నాడు.

"ఇది రూల్స్ ఒప్పుకుంటాయా?" అన్నాడు.

"జెర్సీకి అంచు ఉండకూడదని ఏ రూల్లోనూ లేదు సార్" అన్నాడు కోచ్.

బండ జెర్సీ తొడుక్కున్నాడు. నిచ్చెన వెనక వంగి చెయ్యి పోనిచ్చాడు. పిడికిలి బిగియగానే వాడి మొహంలో మార్పు అందరికీ కనబడిందట. చీకట్లో తడుముకుంటున్నవాడికి తలుపు గడియ దొరికినట్టు.

ఈల ఊదారు. బండి కదిలింది. తిరగలేదు, ఆగలేదు. గడ్డి చీల్చుకుంటూ, కొత్త చాళ్లు వేసుకుంటూ, గ్రౌండ్ చివర తెల్లగీత దాకా వెళ్లింది. బండ గొంతు ఎనిమిది మందిలోంచీ వినబడింది. "వచ్చావట్రా నిచ్చెనా! ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావురా!"

పెద్దమ్మ టేపు పట్టుకుని చాళ్ల వెంట నడిచింది. ఒకసారి పరిచింది, రెండోసారి పరిచింది, మూడోసారి పరిచి లేచి నిలబడింది.

"టేపు చాలదండీ. మీరే అడుగులు వేసుకోండి."

సాయంత్రం ఆరింటికి బోర్డు మీద పేర్లు వచ్చాయి. మూడో నంబరు ఎదురుగా బండ పేరే ఉంది. అతికించింది తెల్లమీసాల పెద్దాయనే.

ఆ రెండు రోజుల్లో కోచ్ తన పథకం మొత్తం తిరగేశాడు. రెండో మ్యాచ్ అయ్యాక ఆయన అనుకున్నది స్క్రమ్ జోలికి పోకుండా తప్పించుకుని ఆడాలని. ఇప్పుడు స్క్రమ్ దొరికితే వదలొద్దన్నాడు. పెనాల్టీ వచ్చినా గోల్‌కి కొట్టకుండా స్క్రమ్ అడగొచ్చని రూలుంది. అవసరమైతే అదే అడగమన్నాడు. పెద్దమ్మ బండ జెర్సీతో పాటు ఒకటో నంబరుదీ విప్పి కుట్టింది. మిగతా ఇరవై ఒకటీ బిగుతుగానే ఉంచింది. ఎవరికి ఏ కొలత కావాలో ఈసారి ఒక్కొక్కణ్నీ అడిగింది.

శనివారం ఆవిడ నన్ను వెంటబెట్టుకుని, తన గది బయట మెట్ల పక్కన నిలబడి ఆట చూసింది. ఇన్నేళ్లలో మొత్తం ఆట చూడటం అదే మొదటిసారి. మొదటి స్క్రమ్‌కి వంగినప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మ్యాచ్ అయ్యేదాకా వదల్లేదు, రెండు రోజులు కమిలే ఉంది.

మొదటి స్క్రమ్‌లోనే అవతలివాళ్లు వెనక్కి జరిగారు. గ్యాలరీలో జనానికి ఏమైందో అర్థం కాలేదు. రెండో స్క్రమ్‌లో మళ్లీ జరిగారు. అప్పుడు అర్థమైంది. అయినా వాళ్లూ ఊరుకునే రకం కాదు. పరుగుల్లో పాయింట్లు తెచ్చుకుంటూనే ఉన్నారు. రెండు నిమిషాల ఆట మిగిలేసరికి మనవి పద్నాలుగు, వాళ్లవి పద్దెనిమిది.

అప్పుడు వాళ్ల గీతకి ఐదు మీటర్ల దూరంలో మనకి పెనాల్టీ వచ్చింది. గోల్‌కి కొడితే మూడు పాయింట్లే. పదిహేడు అవుతాయి, ఓడిపోతాం. బంతిని గీత దాటించి నేలకి అదిమితే ఐదు. కెప్టెన్ కోచ్ వైపు చూడను కూడా లేదు. రెండు అరచేతులూ దగ్గరికి చేర్చి రిఫరీకి చూపించాడు. స్క్రమ్.

వారం రోజులుగా బండని తిట్టిన గ్యాలరీ అంతా లేచి నిలబడింది. ఎనిమిది మంది, ఎనిమిది మంది వంగారు. పెద్దమ్మ బంతి ఎక్కడుందో చూడట్లేదు. బండ నడుము దగ్గరే ఉన్నాయి కళ్లు.

"పట్టరా" అంది మెల్లగా. "పట్టరా నిచ్చెనా, పట్టు. చిరిగినా పర్లేదు."

తలలు కలిశాయి. ఒక్క క్షణం ఏమీ కదల్లేదు. తర్వాత మొత్తం గుట్ట ఒక అంగుళం ముందుకి జరిగింది. ఇంకో అంగుళం. ఆగింది. అవతలివాళ్లు మన కుడివైపు మీద విరుచుకుపడ్డారు, పోయిన మ్యాచ్‌లో అక్కడే గెలిచారు కాబట్టి. బండ మోకాళ్లు నేలకి దిగబోయాయి. దిగలేదు. వెనక నుంచి నిచ్చెన బలం వాడిలోకి వచ్చిపడింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. నడుస్తున్నట్టే వెళ్లారు, చిన్నచిన్న అడుగులు వేసుకుంటూ, ఐదు మీటర్లూ, పదహారు మందీ ఒకటే కుప్పగా గీత దాటేదాకా. చివర్లో ఉన్న ఎనిమిదో నంబరువాడు బంతి మీద పడి దాన్ని నేలకి అదిమాడు. ఐదు పాయింట్లు. పంతొమ్మిది, పద్దెనిమిది. ఆట టైమూ అయిపోయింది.

ఆ తర్వాతి చప్పుడు నేను రాయలేను. మా తల మీది మెట్లు అదిరాయి, గదిలో గోడకున్న కత్తెర ఊడి కిందపడింది. గుట్టలోంచి అందరికంటే చివర లేచినవాడు బండ. లేవగానే వాడు చేతులెత్తలేదు. వెనక్కి తిరిగి నిచ్చెన తలని చంకలో ఇరికించుకుని గ్యాలరీ వైపు ఈడ్చుకొచ్చాడు, వీణ్ని చూడండి అన్నట్టు.

పేపర్లు మర్నాడు సిరీస్ రెండు ఒకటితో పోయిందనే రాశాయి. నిజమే. కానీ ఆ సాయంత్రం స్టేడియం బయట సిరీస్ ఓడిన జనం లాగా ఒక్కరు కూడా లేరు.

ఎప్పుడూ బుట్టలో వచ్చే జెర్సీ ఆ రోజు మనిషితో వచ్చింది. ముందు తలుపు దగ్గర ఠప్పుమంది. నిచ్చెన తల పట్టుకుని లోపలికొచ్చాడు, వాడి వెనక బండ. బండ జెర్సీ విప్పి బల్ల మీద పరిచాడు. కింది అంచు పొట్ట దగ్గర పిడికిలంత మేర సాగి, మెలితిరిగి, టార్పాలిన్ కుట్టు సైతం నాలుగు చోట్ల తెగి వేలాడుతోంది. లోపలి గుడ్డపట్టీ బయటికి వచ్చేసింది.

పెద్దమ్మ కళ్లద్దాలు జార్చి చూసింది. చాలాసేపు చూసింది. ఇరవై ఆరేళ్లలో ఆవిడ కుట్టు తెగడం అదే మొదటిసారి.

"పాడుచేశానా అత్తా?" అన్నాడు నిచ్చెన భయంగా.

"నాశనం చేశావు." వేలితో ఆ మెలిక తడిమింది. మొహం నిండా నవ్వు. "ఎంత బాగా చింపావురా!"

బండ అలమరలో మడతపెట్టి ఉన్న తన పాత జెర్సీ చూశాడు. మంగళవారం ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. "మా పాపది ఇంకా కత్తిరించలేదా?"

"తీరికేదిరా?" అంది పెద్దమ్మ, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఇక్కడ వచ్చే నెల మ్యాచ్‌కి నీ అంచు కుట్టాలి. పాపని ఇంకొన్నేళ్లు ఆగమను. వాళ్ల నాన్న జెర్సీ ఇంకా వాళ్ల నాన్నకే కావాలి."